కొక్కేల పునాది

గోథెన్‌బర్గ్, స్వీడన్
17 ఆగస్టు 1969

తహ్వో మావయ్యకి,

బతికే ఉన్నాను. చేతులు రెండూ ఉన్నాయి, చెవులు మాత్రం సగం పోయాయి. కార్ల ఫ్యాక్టరీలో నా పని ఇంకా అదే. కారు కదులుతూ వస్తుంది, ఎడమ తలుపుకి బోల్టులు బిగిస్తాను, అది పోతుంది, ఇంకోటి వస్తుంది. కుడి తలుపు బిగించేవాడి మొహం ఇంతవరకూ సరిగ్గా చూడలేదు, మా ఇద్దరి మధ్య ఎప్పుడూ ఒక కారు ఉంటుంది. ఫోర్‌మన్ నన్ను పేరు పెట్టి పిలవడు. "ఒరేయ్ ఫిన్లండోడా" అంటాడు. వాడి నోట్లో అది తిట్టు. మొన్న వచ్చీరాని స్వీడిష్‌లో "నాకు పేరుంది" అన్నాను. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

అసలు సంగతికొస్తాను. మన పాల సొసైటీ మేనేజరు జవాబు రాశాడు. సొసైటీ లారీల రిపేరు పనంతా నాకే ఇస్తాడట. షరతు ఏంటంటే, మే నెలకల్లా కప్పున్న షెడ్డు, కాంక్రీటు నేల, లారీ కిందికి దిగి చూసే గొయ్యి ఉండాలి. లేకపోతే లహ్తి టౌనులో ఇంకొకడికి ఇచ్చేస్తాడు. అర్థమైందా మావయ్యా? గ్యారేజీ లేస్తే నేను ఇంటికొస్తాను. లేవకపోతే ఇక్కడే ఎడమ తలుపులు బిగించుకుంటూ ముసలాణ్ణవుతాను.

మేకి షెడ్డు కావాలంటే చలికాలంలో గోడలు లేవాలి. గోడలు లేవాలంటే నేల గడ్డకట్టకముందే, అంటే అక్టోబరు సగంలోపు, పునాది పోయాలి. నాకు సెలవు ఇవ్వరు. కాబట్టి పునాది నీ చేతిలో ఉంది.

బొమ్మ గీసి పంపుతున్నాను. రోడ్డు పక్క మూల, మా అమ్మ వాటాలో. ఎనిమిది మీటర్ల పొడవు, ఆరు వెడల్పు. చుట్టూ కందకం తవ్వు, నీ భుజాల దాకా లోతు. అడుగున కంకర పరిచి దిమ్మిస కొట్టు. దాని మీద చువ్వలు కట్టి కాంక్రీటు పోయాలి, నాలుగు వైపులా ఒకటే ముక్కగా. "ఒకటే ముక్క" అన్నచోట కింద గీత గీశాను, చూడు. ఇదంతా గాల్లోంచి రాయలేదు. లైబ్రరీలో పునాదుల పుస్తకం తీసుకుని, పక్కన డిక్షనరీ పెట్టుకుని, ఒక్కో పేజీకి ఒక్కో ఆదివారం తగలేసి నేర్చుకున్నాను.

కాంక్రీటు కలిపే మిల్లరు మన ఊరి కల్లియో దగ్గరుంది, అడుగు. ఊళ్ళోవాళ్ళని ఒక శనివారం చేయిసాయానికి పిలువు. సూపూ కాఫీ అత్తయ్య చూసుకుంటుంది.

ఎస్కో

ఓరిమత్తిలా, ఫిన్లండ్
26 ఆగస్టు

ఒరేయ్ ఎస్కో,

నీ ఉత్తరం అత్తయ్య పైకి చదివింది. సర్కారు నోటీసు వచ్చిందేమో అనుకున్నాను. మావయ్యా ఎలా ఉన్నావు, నడుం నొప్పి తగ్గిందా, అని ఒక్క ముక్క లేదు. తగ్గలేదు.

గడ్డి కోత అయిపోయింది. వానకి ముందే కొట్టంలో వేసేశాం. ఎర్ర ఆవు ఈనింది, కోడెదూడ. అడవిలో పళ్ళు విరగకాశాయి. అత్తయ్య బకెట్లకి బకెట్లు తెచ్చి వంటిల్లంతా నింపేసింది, నాకు కూర్చోడానికి చోటు లేదు.

మిల్లరు గురించి కల్లియోని అడిగాను. వాడు ఈ ప్రాంతం మనిషి కదా, కరేలియా నుంచి వచ్చిన మనలా నోరు తెరిచి పెట్టుకోడు. ఆలోచించాడు. నేను ఇంటికొచ్చి, కాఫీ తాగి, కత్తి నూరుకుని మళ్ళీ వెళ్ళేసరికి "సరే" అన్నాడు.

నీ పని మొదలైపోయింది. రాళ్ళు వచ్చేశాయి. మంచి రాళ్ళు, గుర్రం లాగలేక ఆయాసపడింది. గుంటలు కూడా తవ్వేశాను, మూలకొకటి, గోడ మధ్యలో ఒకటి చొప్పున. రాళ్ళ మీద దుంగలు పెట్టి, వాటి మీద షెడ్డు కడదాం. దుంగకీ దుంగకీ బోల్టు వేస్తే, కావాలంటే విప్పుకోవచ్చు, మళ్ళీ బిగించుకోవచ్చు. మనం ఆవిరిస్నానం చేసే సౌనా రాళ్ళ మీదే ఉంది. కొట్టం రాళ్ళ మీదే ఉంది. నువ్వు నడక నేర్చిన ఇల్లు రాళ్ళ మీదే ఉంది. ఇంతదానికి కందకాలెందుకురా?

ఆ ఫోర్‌మన్‌ని నువ్వూ ఓ పేరు పెట్టి పిలువు. మన భాషలో పిలువు, వాడికి అర్థం కాదుగా.

మావయ్య

గోథెన్‌బర్గ్
2 సెప్టెంబరు

మావయ్యా,

నేను కంకర అడిగాను. నువ్వు రాళ్ళు తెచ్చావు. కందకం అడిగాను. నువ్వు దుంపలు పాతడానికి తవ్వినట్టు గుంటలు తవ్వావు. బొమ్మ ఏం చేశావు? అత్తయ్య దాంతో పొయ్యి అంటించిందా?

నీ నడుం నొప్పి తగ్గాలని కోరుకుంటున్నాను. అడిగేశాను, సరేనా?

ఇప్పుడు విను. మన నేల బంకమట్టి. అది నీళ్ళు తాగుతుంది. చలికి ఆ నీళ్ళు గడ్డకడితే నేల ఉబ్బుతుంది, పైనున్నదాన్నల్లా ఎత్తేస్తుంది. సౌనా తలుపు ప్రతి మార్చిలో ఎందుకు పట్టేస్తుందనుకుంటున్నావు? భుజంతో గుద్ది తెరుస్తావు. "ఏప్రిల్‌లో అదే సర్దుకుంటుంది" అంటావు. పాల లారీ ఎక్కి కూర్చున్న షెడ్డు అలా సర్దుకోదు మావయ్యా. ఒక మూల లేస్తుంది, ఒక మూల కుంగుతుంది, గొయ్యి గోడ పగులుతుంది. ఆ గోతిలో ఉండేది నేను! నా నెత్తి మీద ఉండేది లారీ!

విప్పుకోవచ్చు, బిగించుకోవచ్చు అంటావేంటి? సర్కస్ డేరా కడుతున్నామా?

కాంక్రీటు కావాలి. సిమెంటు ఆర్డరు ఇక్కణ్ణించే పెట్టేశాను, నీకు చేరి ఉంటుంది. చువ్వలు కూడా. సిమెంటు ఒకటికి రెండు ఇసుక, నాలుగు కంకర. నీళ్ళు ఎక్కువ పోయొద్దు, జారుగా ఉంటే పని సులువవుతుందని పోస్తారు, బలం చస్తుంది. నువ్వు వచ్చే శనివారం పోస్తానని రాయి, నేను కాస్త నిద్రపోతాను. ఈమధ్య కళ్ళు మూస్తే కదిలే బెల్టు, తెరిస్తే అక్టోబరు.

ఎస్కో

ఓరిమత్తిలా
14 సెప్టెంబరు

ఒరేయ్ ఎస్కో,

ఇక నిద్రపో. కాంక్రీటు పోసేశాం!

నిన్న ఊరు సగం వచ్చింది. అత్తయ్య పెద్ద డేగిసా నిండా బఠాణీ సూపు పెట్టింది. మన వైపు పిరకలు, బియ్యం కూరి కాల్చినవి, చెయ్యడం మీ అమ్మ దగ్గరే కదా నేర్చుకుంది. ఈ ఊరి మనిషయ్యుండి మన వాళ్ళకంటే బాగా చేస్తుంది, ఆ మాట తనతో అనకు. కల్లియో ఒక్కడే ఎన్ని తిన్నాడో చెబితే నమ్మవు. మిల్లరు పొద్దున్నుంచి ఆగలేదు. నీళ్ళు నువ్వు చెప్పినట్టే తక్కువ పోశాను.

నీ మాటా పోకూడదు, నా మాటా పోకూడదు అని బాగా ఆలోచించాను. పెట్టెలు కొట్టించి దిమ్మలుగా పోశాను. ఒక్కోటీ మంచి బరువు. నీ చువ్వల్ని పై కొసన వంచి, ఒక్కో దిమ్మకీ ఒక కొక్కెం వదిలాను. గొలుసు తగిలిస్తే ట్రాక్టరు ఎత్తేస్తుంది. కందకంలో బారుగా పెడితే అదే పునాది. అవసరం వస్తే కొక్కెం పట్టుకుని తీసేయొచ్చు. కాంక్రీటుకి కాంక్రీటూ అయింది, మనకి వీలుకి వీలూ ఉంది.

కల్లియో కొక్కేల్ని చూసి, "ఎక్కడికి?" అన్నాడు. రోజంతటికీ వాడన్నది ఆ ఒక్క మాటే. 

దిమ్మలు దుంపల చేలో ఉన్నాయి. తడుపుతున్నాను. చూడముచ్చటగా ఉన్నాయిరా, రొట్టెల్లా.

మావయ్య

గోథెన్‌బర్గ్
21 సెప్టెంబరు

తహ్వో ఇంకినెన్ గారికి,

నీ ఉత్తరం ఫ్యాక్టరీ క్యాంటీన్లో చదివాను. చదివి బల్ల మీద గుద్దాను. కప్పు పగిలింది. ఫోర్‌మన్ వచ్చి ఏదో అన్నాడు. మన భాషలో ఓ పేరు పెట్టి పిలిచాను, నువ్వు చెప్పినట్టే. పక్కవాడెవడో అనువాదం చేసి పెట్టాడు. ఇప్పుడు నేను రంగు వేసే షెడ్డులో ఉన్నాను, ముక్కుకి గుడ్డ కట్టుకుని. నీ సలహాకి చాలా సంతోషం.

దిమ్మలు! కొక్కేలతో! ఒకటే ముక్క అని రాశాను. కింద గీత గీశాను. విడివిడి దిమ్మలైతే ఒక్కోటి ఒక్కో తీరుగా లేస్తుంది, నోట్లో పళ్ళు కదిలినట్టు. దానికంటే నీ రాళ్ళే నయం. సిమెంటు అయిపోయింది, చువ్వలు వంకర్లు పోయాయి, ఊరి చేయిసాయం ఒక శనివారం వృథా అయింది. మళ్ళీ అడిగితే ఎవడొస్తాడు?

నాకిప్పుడు బాగా అర్థమైంది. నీకు కాంక్రీటు పని రాదు. అది కాదు, దానికంటే పెద్దది. నేను రావడమే నీకిష్టం లేదు. మా అమ్మ పోయిన దగ్గర్నుంచీ ఆ మూల గడ్డి నువ్వే కోసుకుంటున్నావు. అక్కడ గ్యారేజీ లేస్తే ఆ వాటా నాదని ఊరందరికీ కనబడుతుంది. రాళ్ళూ, గుంటలూ, కొక్కేలూ అన్నీ దానికే. ఎప్పుడైనా పీకి అవతల పారేయడానికి వీలుగా ఉండాలి, అంతేగా?

ఇక్కడ ఫ్యాక్టరీ వాళ్ళు ఫ్లాటు ఇస్తామంటున్నారు. అక్టోబరు ఆఖర్లోపు సంతకం పెడితే ఇస్తారు, ఆ తర్వాత మూడేళ్ళు కదలకూడదు. పెట్టేస్తాను. నీ గడ్డి నువ్వు కోసుకో.

ఎస్కో

ఓరిమత్తిలా
28 సెప్టెంబరు

ఎస్కో,

వాటా నీదే. ఆ మాట మళ్ళీ ఎత్తకు.

కాంక్రీటు పని నాకు రాదన్నావు. ముప్పై తొమ్మిది వేసవిలో కరేలియాలో మన పాత ఊళ్ళో మీ తాతా నేనూ పశువుల కొట్టానికి కాంక్రీటు నేల పోశాం. మీ అమ్మ బావి నుంచి నీళ్ళు మోసింది. మిల్లరు లేదు, పారలతోనే కలిపాం. ఆ నవంబరు ఆఖర్న రష్యాతో యుద్ధం వచ్చింది, బండి కట్టుకుని బయల్దేరాం. నలభై రెండులో తిరిగి వెళ్ళనిచ్చారు. ఇల్లు కాలిపోయింది. కొట్టం కాలిపోయింది. నేల మాత్రం అలాగే ఉంది, పగులు లేదు. దాని మీది బూడిద ఊడ్చి, పక్కన కొత్త ఇంటికి పునాది పోశాను. నీ బొమ్మలో ఉన్నట్టే. నాలుగు వైపులా ఒకటే ముక్క.

రెండేళ్ళున్నాం. నలభై నాలుగు జూన్‌లో మళ్ళీ బండి. కిటికీలు ఊడదీసి తెచ్చాను. తలుపులు తెచ్చాను. పొయ్యి మీది ఇనప పలక తెచ్చాను, అత్తయ్య ఇప్పటికీ దాని మీదే వండుతోంది. పునాది తేలేకపోయాను. సరిహద్దు గీత దానికి ఇవతల పడింది.

నేను పోసిన రెండూ గట్టిగానే ఉండి ఉంటాయి. వాటి మీద ఎవరి ఆవులున్నాయో, ఎవరి పిల్లలున్నారో తెలీదు. అంతే.

తహ్వో

ఎస్కోకి, హిల్యా అత్తయ్య నుంచి: నువ్వు ఎదురుగా ఉంటే ఆ వాటా మాటకి చెంప పగలగొట్టేదాన్ని. ఇన్నేళ్ళ కాపురంలో ఆ రెండో పునాది సంగతి నాకూ ఎప్పుడూ చెప్పలేదు, ఈ ఉత్తరం అంటించబోయి చదివాను. మనిషి పొద్దున్నుంచీ పార పట్టుకుని మీ అమ్మ మూలలో ఏదో తవ్వుతున్నాడు. ఏంటని అడిగితే పలకడు. మాటలు రాని కరేలియా మనిషిని చూడడం నాకిదే మొదలు, భయంగా ఉంది. ఊలు మేజోళ్ళు పంపుతున్నాను.

గోథెన్‌బర్గ్
5 అక్టోబరు

మావయ్యా,

వాటా మాట వెనక్కి తీసుకుంటున్నాను. తప్పు మాట. మిగతాది మాత్రం వెనక్కి తీసుకోను.

నేను పుట్టేటప్పటికి మీరు ఆ బండి దిగిపోయారు. నాకా ఊరు తెలీదు. మా అమ్మ పిరకలు చెయ్యడం నేర్పింది, నీళ్ళు మోసిన సంగతి చెప్పలేదు. మీరిద్దరూ నోరు కట్టుకుని కూర్చుంటే నాకెలా తెలుస్తుంది? కరేలియా వాళ్ళు వాగుడుకాయలని ఊరంతా ఎగతాళి చేస్తుంది. మీ వాగుడంతా ఆవుల గురించీ పళ్ళ గురించీనా? కోపం వస్తోంది. ఎవరి మీదో తెలియక ఇంకా వస్తోంది. ఈ కాగితం రెండుసార్లు చించి మళ్ళీ రాస్తున్నాను.

కానీ ఒక మాట సూటిగా అడుగుతాను. అవసరమొస్తే ఎత్తుకుపోవడానికి వీలుగా ఉండాలన్నావు. ఎత్తుకుపోగలిగేది నా దగ్గర ఇప్పటికే ఉంది మావయ్యా. హాస్టల్లో మంచం కింద అట్ట సూట్‌కేసు. నాకున్నదంతా అందులో పడుతుంది, ఇంకా చోటు మిగులుతుంది. ఈ గదిలో నలుగురం ఉంటాం, నలుగురివీ అలాంటి సూట్‌కేసులే. కదిలేవి నాకు వద్దు. రోజంతా నా ముందు కదులుతూనే ఉంటాయి. నేను వెళ్ళి నిలబడితే అక్కడే ఉండేది ఒకటి కావాలి. అందుకే ఒకటే ముక్క అన్నాను. పుస్తకంలో ఉందని ఒక్కటే కాదు.

నీ రెండు పునాదులు పోయాయి, ఒప్పుకుంటున్నాను. మూడోది పోదని నేను మాటివ్వలేను. ఎవడూ ఇవ్వలేడు. కానీ నువ్వు పొయ్యకపోతే నేను రాను. ఇది బెదిరింపు కాదు. పునాది లేకుండా ఉద్యోగం మానేసి వస్తే నాకు ఇక్కడా ఏమీ ఉండదు, అక్కడా ఏమీ ఉండదు.

పోస్తే పొయ్యి. లేకపోతే "పొయ్యను" అని ఒక్క ముక్క రాసి పడెయ్యి, కల్లియోలాగ. ఫ్లాటు కాగితం మీద సంతకం పెట్టుకుంటాను, నీ మీద కోపం పెట్టుకోను. కాదు, అబద్ధం. పెట్టుకుంటాను.

మేజోళ్ళు సరిపోయాయని అత్తయ్యకి చెప్పు.

ఎస్కో

ఓరిమత్తిలా
17 అక్టోబరు

ఒరేయ్ ఎస్కో,

మంగళవారం రేడియోలో చెప్పారు, వారాంతానికి గట్టి చలి అని. బుధవారం పోసేశాం. శనివారం దాకా ఆగితే నేల గడ్డకట్టేది.

కందకం నీ ఉత్తరం రాకముందే అయిపోయింది. నీ మీద కోపంతో తవ్వాను, అందుకే కాస్త లోతెక్కువైంది. అడుగున కంకర పరిచి దిమ్మిస కొట్టాను. చువ్వలు మళ్ళీ తెచ్చి నీ బొమ్మ చూసుకుంటూ కట్టాను. బొమ్మ పొయ్యిలో వెయ్యలేదురా, నా మంచం పక్కన మేకుకి ఉంది. దిమ్మలు కల్లియో అడిగాడు. సరస్సు ఒడ్డున వాడి పడవల రేవుకి పనికొస్తాయట. వాటికి బదులు సిమెంటు వాడే తెచ్చాడు.

పని రోజు కదా, ఎవరూ రారనుకున్నాను. వచ్చారు. కల్లియో ఇంటింటికీ వెళ్ళి పిలిచాడట. ఏం చెప్పి పిలిచాడో నాకు అర్థం కావడం లేదు, వాడికి అన్ని మాటలెక్కడివి?

మొదటి బండెడు కాంక్రీటు మాలు నేనే తోసుకెళ్ళాను. కందకం అంచున ఆగిపోయాను. చేతులు లేవలేదు. వెనక మిల్లరు తిరుగుతోంది, అందరూ చూస్తున్నారు.  కల్లియో పక్కకొచ్చి నిలబడి, "మాలు బిగుసుకుపోతుంది తహ్వో. ఒంపు" అన్నాడు. ఒంపాను. ఆ తర్వాత చీకటి పడేదాకా మేమెవ్వరం ఆగలేదు. అత్తయ్య సూపు చల్లారిపోయిందని అందర్నీ తిట్టింది.

నాలుగు వైపులా ఒకటే ముక్క. గొయ్యి గోడ కూడా లేచింది. గొయ్యి మాత్రం తలుపు వైపుకి ఒక మూరెడు జరిపాను, నువ్వు చెప్పినచోట పెద్ద బండ అడ్డం పడింది.

గడ్డి పరిచి, పాత దుప్పట్లూ గుర్రం కంబళీ కప్పాను. వెళ్ళి కింద చెయ్యి పెట్టి చూస్తున్నాను. బయటంతా మంచు పట్టి తెల్లగా ఉంది, అది మాత్రం లోపల వెచ్చగా ఉంది, ఎర్ర ఆవు డొక్కలాగ. గుర్రానికి చలేస్తుందని అత్తయ్య గొడవ. కంబళి ఇవ్వనన్నాను.

మావయ్య

గోథెన్‌బర్గ్
23 అక్టోబరు

మావయ్యా!

మూరెడా? గొయ్యి మూరెడు జరిపితే లారీ ముక్కు తలుపు బయట ఉంటుంది! తలుపు ఎలా మూస్తావు, లారీని రెండు ముక్కలు చేస్తావా? బండ అడ్డం వస్తే పగలగొట్టాలి, లేదా షెడ్డునే వెనక్కి జరపాలి, లేదా నాకు టెలిగ్రాం కొట్టాలి! ఇంక తలుపు వైపు గోడ అవతలికి తోసి కట్టుకోవాలి, దానికి మళ్ళీ ఓ ముక్క పునాది పోయాలి, నాకు తెలుసు ఆ పని ఎవరి నెత్తిన పడుతుందో. ఆ అతుకు దగ్గర చువ్వలు బయటికి వదిలావా? వదిలి ఉండవు. డ్రిల్లు పెట్టి పొడవాలి.

కంబళి తియ్యొద్దు. గుర్రాన్ని ఇంట్లో కట్టేసుకోండి. గడ్డి తడిస్తే మార్చు. దుప్పట్లు చాలకపోతే నా పాత కోటు ఉంది, అదీ వెయ్యి. నేను వచ్చేదాకా దాని మీద ఎవరూ నడవకూడదు, కల్లియో కూడా, నువ్వు కూడా. చెయ్యి పెట్టి చూడ్డం కూడా తగ్గించు, ఎత్తినప్పుడల్లా చలి లోపలికి పోతుంది.

ఈ ఉత్తరం నాకంటే వెనక రావచ్చు. శుక్రవారం ఓడకి టికెట్టు కొన్నాను. అయినా పంపుతున్నాను, అక్కడికొచ్చి అత్తయ్య సూపు తాగితే ఈ కోపం ఇంత బాగా గుర్తుండదు.

ఇవాళ ఫోర్‌మన్ ఫ్లాటు కాగితం తెచ్చి ముందు పెట్టాడు. వద్దన్నాను, ఉద్యోగం కూడా వద్దన్నాను. వాడు నోరు తెరిచాడు. "ఎందుకు?" అన్నాడు.

"మావాళ్ళు పునాది పోశారు" అన్నాను.

ఎస్కో